ఆముదం రాసుకున్న చేతులు

మాంచెస్టర్,
1962 నవంబరు, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన కరుణక్కకు,

నీ తమ్ముడు జీవరత్నం వందనాలతో రాసేది. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమంగానే ఉన్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. బావగారి నడుం నొప్పి తగ్గిందా? చాట్రాయి తోట కౌలు ఈ ఏడు కూడా మనకే కుదిరిందా? చిన్నది ఏడవకుండా బడికి వెళుతోందా? అన్నీ వివరంగా రాయి.

నా గురించి దిగులు పెట్టుకోకు. వేళకి తింటున్నాను, ఒంట్లో బాగానే ఉంది. చలి ముదిరింది. సూర్యుడు కనపడి పది రోజులైంది. నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ పూటపూటా ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెడుతుంది, నేను నువ్వు పంపిన కారప్పొడి చల్లుకుని తింటాను. ఆ ఘాటుకి ఆవిడ తుమ్ముతుంది, పాపం ఏమీ అనదు. పొద్దున చర్చికి వెళ్ళొచ్చాను. పాట వాళ్ళ భాషదే, రాగం మాత్రం మన చర్చిలోదే. నేను పెదాల్లోపల తెలుగులో పాడుకున్నాను. ఆ కాసేపే ఇంటి దగ్గర ఉన్నట్టు ఉంటుంది. వేళకి తింటున్నాను, నిజంగానే బాగున్నాను.

ఇంతవరకూ రాసి కలం పక్కన పెట్టి టీ తాగొచ్చాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. మొదట్నుంచీ చెబుతాను, నీకు తెలిసినవి మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకు.

నేనిక్కడ చేస్తున్నది మామిడి సొన మీద పని అని నీకు తెలుసు. జీడిగింజల పెంకుల నూనెతో వార్నీషులు చేస్తారు కదా, మన సొన కూడా దానికి చుట్టమే. రేకు మీద పూస్తే నల్లగా మెరుస్తూ ఆరుతుంది. కానీ రేకు కాస్త వంచితే పూత పెళుసుగా పగిలిపోతుంది. మొదటి ఏడు నువ్వు పంపిన సీసాలన్నీ అలాగే అయ్యాయి. ఆ ఏడు నువ్వు ఒట్టి చేతులతో పట్టావు. ఎండెక్కితే సొన కారదని నేను రాశాను కాబట్టి, వేసవి సెలవులన్నాళ్ళూ తెల్లారకుండానే తోటలోకి వెళ్ళావు. ముచ్చిక పొడుగ్గా ఉంచి చిక్కంతో దింపిన కాయని తలకిందులుగా పట్టుకుని, ముచ్చిక విరిచి సీసాలోకి కార్చావు. కాయకి నాలుగు చుక్కలు. గంపెడు కాయలు పట్టినా సీసా అడుగు దాటదు. జూన్‌లో బళ్ళు తెరిచేసరికి నీ వేళ్ళు పొక్కిపోయి సుద్దముక్క పట్టుకోలేకపోయావని బావగారు రాశారు. నువ్వు రాయలేదు.

రెండో ఏడు నువ్వు పంపిన సొన పూసి రేకు వంచితే పగల్లేదు. మళ్ళీ వంచాను, పగల్లేదు. మా ప్రొఫెసరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. సొనలో ఏదో కొత్త ఆమ్లం ఉందనీ, పూతని మెత్తగా ఉంచుతున్నది అదేననీ ఆయనా నేనూ తేల్చాం. మరి మొదటి ఏడు ఎందుకు లేదంటే, ఆ ఏడు వానలు ముందొచ్చి సొన పలచనైందని కారణం కూడా నేనే అల్లాను. పత్రికలో వ్యాసం పడింది, నా పేరు పడింది. కొన్నాళ్ళు కొత్త పెళ్ళికొడుకులా తిరిగాను. మూడో ఏడు సొన కూడా అలాగే పనిచేసింది.

ఈ వేసవిలో మా లాబుకి కొత్త యంత్రం వచ్చింది. ఏ మిశ్రమం పోసినా అందులోవాటిని విడదీసి ఒకదాని వెనక ఒకటి బయటికి పంపుతుంది. నా కొత్త ఆమ్లం ఎన్నో నిమిషంలో బయటికొచ్చిందో, మందుల షాపులో కొన్న ఆముదంలోది కూడా సరిగ్గా ఆ నిమిషంలోనే వచ్చింది. నేను రెండేళ్ళు మురిసిపోయింది ఆముదాన్ని చూసి. ఆముదం కలిస్తే పూత మెత్తబడుతుందని ఇక్కడ రంగులు కలిపేవాళ్ళందరికీ తెలుసట.

"ఇందులోకి ఆముదం ఎలా వచ్చింది?" అని ప్రొఫెసరు గారు నలుగురి ముందు అడిగారు. నేను తడుముకోకుండా, సొన పట్టింది మా ఊళ్ళో చదువురాని మనిషి, శుభ్రం తెలియదు, అన్నాను.

అక్కా, నాకు అక్షరాలు దిద్దించింది నువ్వు. ఆ మాట నా నోటివెంటే వచ్చింది.

ఆ వేడిమీదే నీకు ఆగస్టులో ఆ ఉత్తరం రాశాను. నీ అజాగ్రత్తవల్ల నా మూడేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరైందని రాశాను. ఇంకా ఏమేం రాశానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది. దానికి నువ్వు కార్డు మీద రెండు ముక్కలే రాశావు: "తప్పయింది తమ్ముడూ. వచ్చే వేసవిలో చేతులకేమీ రాసుకోను."

రాసుకోను అన్న మాట దగ్గర ఆగిపోయాను. అసలు రాసుకోవడం ఎప్పుడు మొదలైందని, పెట్టె అడుగునుంచి నీ పాత ఉత్తరాలన్నీ తీశాను. రెండో ఏడు మే నెలలోది దొరికింది. అందులో నీ మాటలివి: "నువ్వు రాసినట్టే చేతులకి ఆముదం దట్టంగా పట్టించి సొన పడుతున్నాను. ఇప్పుడు మంట లేదు. వేళ్ళ మీంచి కాస్త సీసాలోకి జారుతోంది, ఫరవాలేదా తమ్ముడూ? కనుక్కుని రాయి."

నువ్వు రాసినట్టే అన్నావు. అవును, నేనే రాశాను. పనసకాయ కోసేముందు అమ్మ చేతులకి నూనె రాసుకునేది గుర్తొచ్చి, నువ్వూ అలా చెయ్యమని రాశాను. రాసినప్పుడు నేను మన ఇంటి పిల్లాణ్ణే గాని కెమిస్టుని కాను. నూనె సీసాలోకి జారుతుందన్న ఆలోచన నాకు రాలేదు, నీకు వచ్చింది. నువ్వు అడిగావు కూడా. నేను జవాబివ్వలేదు. ఆ ఉత్తరం చివరిదాకా చదివానో లేదో కూడా గుర్తు లేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో నీకు చిటికెడు కూడా లేదు, అంతా నాదే. నువ్వే కదరా రాసుకోమన్నావు అని ఒక్క మాట అనకుండా తప్పయింది అన్నావు చూడు, దానికంటే నువ్వు నాలుగు తిట్టినా బాగుండేది.

మొన్న శుక్రవారం ప్రొఫెసరు గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ చదువురాని మనిషి కాదు, మా అక్క, బడిపంతులమ్మ, ఆముదం రాసుకోమన్నది నేను, ఫరవాలేదా అని అడిగితే జవాబివ్వనిదీ నేను, అన్నాను. ఆయన అంతా విని, వ్యాసం తప్పని పత్రికకి మనమే రాయాలి, అన్నారు. నా పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. నేను ఇంటికి రావడమూ అంతే. పిల్లలకి నువ్వే ఎలాగో చెప్పు. నాకు అదేం పెద్ద శిక్ష అనిపించడం లేదు, నువ్వు బాధపడకు. వేళకి తింటున్నాను.

వచ్చే వేసవిలో సొన పట్టొద్దు. ఆముదంతోనూ వద్దు, ఒట్టి చేతులతో అసలే వద్దు. ఉన్నదాంతో పని నడుపుకుంటాను. పంపాలనిపిస్తే కాస్త చింతపండు పంపు, ఇక్కడ దొరకదు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. పాస్టరు గారికీ, చర్చిలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. నన్ను దీవించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

ఇంకొక్కటి నిన్ను అడగాలి. నేను లేచి వస్తుంటే ప్రొఫెసరు గారు "మీ అక్కగారి పేరేంటి?" అన్నారు. మూడేళ్ళలో ఆ గదిలో నీ పేరు నేను ఒక్కసారీ పలకలేదు. నోట్‌బుక్‌లో నూజివీడు సీసా ఒకటి, నూజివీడు సీసా రెండు అని రాసుకున్నాను. వ్యాసం కింద కృతజ్ఞతల్లో మా లాబుకి గాజు గొట్టాలు ఊది చేసిచ్చినాయనకి కూడా చోటిచ్చాను. ఇప్పుడు ఈ తప్పు దిద్దే కాగితంలో, సొన సేకరించినది శ్రీమతి కరుణమ్మ, పొరపాటు పూర్తిగా నాది అని రాశాను. రాశాక తట్టింది. మంచి జరిగిందనుకున్నప్పుడు లేని పేరు, తప్పు ఒప్పుకునేటప్పుడు అచ్చులో పడబోతోంది. ఉంచితే నీకు అవమానమో, తీసేస్తే నేను మళ్ళీ నిన్ను తుడిచేసినట్టో నాకు తెలియడం లేదు. నీ మాట వచ్చేదాకా ఆ కాగితం నా బల్ల మీదే ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను చెప్పినట్టల్లా చేశావు. ఈ ఒక్కటీ నీకు తోచినట్టు చెప్పు, నేను చేస్తాను.

నీ తమ్ముడు,
జీవరత్నం