సలాడ్ మీద తెల్ల సాస్

చిన్నోడా,

బస్సు నడుపుతుండగా నీకు కళ్ళు తిరిగితే అందులో ఉన్న నలభై మంది గతేమిటి, నా గతేమిటి? డాక్టరు గారు నీకు బీపీ అన్నప్పటి నుంచి నాకు ఇదే దిగులు. అందుకే ఆ రోజు నీ ఫ్రైస్ పొట్లం చెత్తబుట్టలో పడేశాను. నాలుగు రోజులైంది, నోటికి తాళం వేసుకున్నావు. వీధి చివర నీ బస్సు హారనైనా వినబడుతోంది గానీ నీ గొంతు వినబడడం లేదు.

సలాడ్ ఫ్రిజ్ పై అరలో ఉంది. తినేముందు నిమ్మకాయ పిండుకో. తెల్ల సాస్ కోసం వెతక్కు, దాచేశాను. నిన్న మీ అక్క సీసా మీది అక్షరాలు చదివి ఒకటే నవ్వు. "అమ్మా, నువ్వు పోసే నాలుగు చెంచాల సాస్‌లో వాడి ఫ్రైస్ కన్నా ఎక్కువ కొవ్వుంది!" అంది. పచ్చికూరల పేరు చెప్పి ఇన్నాళ్ళూ నీకు నూనె తాగించాను. ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లక రాస్తున్నా.

పొయ్యి పక్కన గిన్నెలో ఫ్రైస్ కూడా పెట్టాను. చెంచాడు నూనెతో ఓవెన్‌లో చేశాను. గుప్పెడే. నీ గుప్పెడు కాదు, నాది.

అలిగితే అలిగావు, తిని అలుగు.

అమ్మ

గిన్నె ఖాళీ అయిందో లేదో మిల్లులో పని ముగించుకుని రాగానే చూస్తా.

అమ్మా,
సలాడ్ మొత్తం తిన్నా. గడ్డిలా ఉంది. ఫ్రైస్ సగం నీకుంచా. సాయంత్రం మిల్లు గేటు దగ్గర ఉంటా. దారంతా తిట్టు, ఈసారి జవాబు చెప్తా.