కల్నల్ కాలి ఉంగరం

లియేజ్,
నవంబరు, ఆదివారం సాయంత్రం

అమ్మకు,

నీ సెర్వేని, నీ రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, పిల్లీ, కిటికీలో నీ జెరేనియం మొక్కా ముగ్గురం కులాసా. అక్కడ సముద్రపు గాలికి నీ మోకాళ్ళూ, క్లెమాన్స్ పిన్ని నోరూ ఎలా ఉన్నాయో రాయి. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగానికి పిన్ని మధ్యలో దూరి తనే జవాబు చెప్పేస్తుంది. ఈసారి రాసేది నీ ఒక్కదానికే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఈ ఉత్తరం తలుపు వేసుకుని చదువుకో.

ముందు నువ్వడిగినవి. వేళకే తింటున్నాను. శుక్రవారం మాంసం ఉండలు చేశాను గానీ పులుసులో పియర్ పళ్ళ పాకం ఎక్కువైంది, పిల్లి కూడా ముట్టలేదు. అటక మీద కారడం ఆగింది. ఆదివారం సంతలో, నది ఒడ్డున, నాన్న పాత పుస్తకాల బల్ల యథాప్రకారం వేస్తున్నాను. ఇక చివరగా "నా ఎరుపు వేస్తున్నారా లేదా, సూటిగా చెప్పు" అని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. దానికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

బ్రస్సెల్స్ నుంచి ఆ అపొలీన్ అనే అమ్మాయి మొన్న ఇంటికొచ్చింది. మన 'మసిగుట్ట' బొమ్మల పుస్తకాలన్నీ మళ్ళీ అచ్చు వేస్తానన్న పిల్ల. ముప్పై ఏళ్ళుండవు, మనం ప్రచురణ మూసేసే నాటికి పుట్టను కూడా లేదు. వాటిని బల్ల మీద పరిస్తే గుడికొచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడింది. 'పీపాలో మేయరు', 'ట్రాములో దయ్యం', 'నదికి జలుబు చేసింది', ఆఖర్న మన జుల్మా, ఆమె పెంచే పందెం పావురాలు. ఒక్కొక్కటి తెరుస్తుంటే నాకు మన ముందుగది కళ్ళకు కట్టింది. బొమ్మలు గీసేవాళ్ళంతా నీ సూపు కోసం వచ్చి, పనిలో పనిగా నాలుగు పేజీలు గీసి పోయేవారు కదూ! ఏ బొమ్మ గీసినవాడిది ఆ బొమ్మే, మసిగుట్టది కాదని నాన్న పంతం. అందుకే మనకేమీ మిగల్లేదని నువ్వు దెప్పేదానివి. నువ్వేమో కిటికీ దగ్గర కూర్చుని ఆ బొమ్మలన్నిటికీ రంగులు వేసేదానివి. నీ గ్లాసులో నీళ్ళు ఏ రంగులో ఉంటే ఆ రోజు జుల్మా ఎక్కడుందో నాకు తెలిసేది. నీళ్ళు ఎర్రబడ్డాయంటే కోటు తొడుక్కుని వీధిలోకి వచ్చిందన్నమాట.

అపొలీన్ చివరి పుస్తకం చేతిలోకి తీసుకుని, "ఎంత ధైర్యం అండీ మీ నాన్నగారికి!" అంది.

"ధైర్యమా?"

"పుస్తకం మొత్తంలో ఎరుపన్నదే లేకుండా చెయ్యడం! కోటు పసుపు, ఇటుక గోడలు పసుపు, ఊరంతా జబ్బుపడ్డట్టు. ఆఖరి బొమ్మలో పావురం తిరిగొస్తుంది గానీ కాలికి ఉంగరం ఉండదు. దీని మీద మా స్నేహితులు కొట్టుకున్నంత పని చేశారు."

"అది ధైర్యం కాదమ్మా, రైల్వే సమ్మె" అన్నాను.

నమ్మలేదు. అంతా చెప్పాల్సి వచ్చింది. ఆ సమ్మెతో, మన పుస్తకాలు వేసే మాతో గారి అచ్చాఫీసుకి ఎర్ర సిరా డబ్బాలు రాకపోవడం (పసుపు మీద అది పడితేనే అచ్చులో ఎరుపు తేలేది), సెయింట్ నికొలాస్ పండక్కి పుస్తకం పిల్లల చేతిలో పడకపోతే మసిగుట్ట మునుగుతుందని నాన్న "ఎర్ర లేకుండానే లాగించెయ్" అనడం, లాగించినా వచ్చే ఈస్టరుకి మునగనే మునగడం. పందెం పావురం సంగతీ చెప్పాను. బార్సిలోనా నుంచి ఎగిరొచ్చినా సరే, కాలి రబ్బరు ఉంగరం తీసి గడియారం పెట్టెలో వేసేదాకా అది వచ్చినట్టు లెక్క కాదని. జుల్మా పావురం కల్నల్ కాలికి ఆ ఉంగరం నాన్న కావాలనే గియ్యలేదు. "గీత గీస్తే జనం ముందే కనిపెట్టేస్తారు రేమొండ్. ఆఖరి మాట నీ రంగే చెప్పాలి" అని నీతో అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నువ్వెంత పొంగిపోయావో కూడా చూశాను. ఉన్న బ్రష్షుల్లో సన్నది తీసి, ఊపిరి బిగబట్టి, ఎర్రటి చుక్క పెట్టావు.

అచ్చయి వచ్చిన రోజూ చూశాను. పసుప్పచ్చటి కాలు మీద నీ ఉంగరం పసుప్పచ్చగా మారి కలిసిపోయింది. "ఆఖరి మాట నాదన్నావు. ఆ మాటే మింగేశావు కదయ్యా ఫిర్మిన్" అన్నావు. అంతే. ఆ తరవాత ఇంట్లో నాన్నకి కాఫీ పోశావు, చొక్కాలు ఇస్త్రీ చేశావు గానీ ఆ పుస్తకం ఊసెత్తలేదు. రంగుల పెట్టె మళ్ళీ తెరవలేదు. నీ రంగుల కాగితాలు కట్టగట్టి మంచం కింద పెట్టావు, పిన్ని దగ్గరికి ఆస్టెండ్ వెళ్తూ వాటినీ తీసుకుపోయావు.

అమ్మా, అపొలీన్ దగ్గర చెప్పనిది ఇప్పుడు నీకు చెప్తున్నాను. నాన్నకి మాటిచ్చి ఇన్నాళ్ళూ నోరు కుట్టుకున్నాను.

సంతలో బల్ల పెట్టిన మొదటి ఆదివారమే నాన్న ఒక అట్ట తగిలించాడు: "జుల్మా చివరి పుస్తకం తెండి, బొమ్మ ఊరికే వేసిస్తా." జనం వచ్చేవారు. ముందు పేజీలో ఒక పావురం గీసి ఇచ్చేవాడు. అది ఎర. వాళ్ళు దాన్ని చూసి మురుస్తుండగా చివరి పేజీ తిప్పి, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, కల్నల్ కాలి మీద చుక్క పెట్టేవాడు. నీ చుక్క. నువ్వు పెట్టిన చోటే.

"అమ్మకి చెప్పొచ్చుగా నాన్నా" అన్నాను ఒకసారి.

"ఏమని చెప్పను? తన ఎరుపు సగం ఊరికి తిరిగి తెచ్చాను, మిగతా సగానికి లేదనా? దొరికినన్ని దొరకనీ, అన్నీ అయ్యాక నేనే చెప్తా. నువ్వు మాత్రం నోరు విప్పకు. పెదవి దాటితే పృథివి దాటుతుంది."

అన్నీ ఎప్పుడవుతాయి? వేలమంది ఇళ్ళల్లో ఉన్నాయి. వర్షంలో, జ్వరంలో, ఆఖరికి ఊపిరాడని రోజుల్లో కూడా ఆదివారం సంత మానేవాడు కాదు. "ఈ మనిషికి ఇల్లంటే చేదు" అని నువ్వు తిట్టుకునేదానివి. నాకు నోటిదాకా వచ్చేది. మింగేవాణ్ణి.

ఇప్పటికీ అట్ట అక్కడే ఉంది, పెన్సిలు ఈవేళ్టిదాకా నా జేబులోనే ఉంది. నాకు పావురం గియ్యడం రాదు, చుక్క పెట్టడం వచ్చు. ఈవేళ పొద్దున కూడా ఒకాయన మనవరాలితో వచ్చాడు. ఆ పిల్ల చుక్క చూసి, "తాతా, కల్నల్ గెలిచాడు!" అని సంతంతా వినపడేలా అరిచింది. ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇక దాచడం నావల్ల కాలేదు.

అపొలీన్ సంచిలో కూడా చుక్క ఉన్న కాపీ ఒకటుంది. "ఎవరో చిన్నపిల్లలు పాడుచేశారు, దీన్ని పక్కన పెట్టేద్దాం" అంది. నేను లేచి ఆమె కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

ఇక నీ ప్రశ్నకి జవాబు. ఎరుపు లేని పుస్తకమే పాఠకులకి అలవాటు, అలాగే ఉంచుదామని ఆ పిల్ల వాదన. నీ ఎరుపు లేకపోతే ఒక్క కాగితం కూడా ఇవ్వనని నీ పంతం. "నా తల్లి చెప్పిందే అచ్చవుతుంది, లేదా అచ్చే లేదు" అన్నాను. మూతి ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. మొత్తం ఎరుపు వెయ్యమంటే వేస్తుంది, ఉంగరం ఒక్కటే చాలంటే అలాగే. ఈసారి ఆఖరి మాట నిజంగా నీదే.

దీంతోపాటు పార్సిల్లో మనింటి కాపీ పంపుతున్నాను. నువ్వు ఇన్నేళ్ళుగా తెరవనిది. తెరువు అమ్మా. అందులో చుక్క లేదు. నాన్న పోయే ముందు ఆస్పత్రిలో నేనే ఆ పుస్తకం తెచ్చి, పెన్సిలు చేతికిచ్చాను. చివరి పేజీ దాకా తిప్పాడు. తరవాత పెన్సిలు నాకు తిరిగిచ్చేసి, "ఇది నేను పెట్టేది కాదురా. మీ అమ్మది" అన్నాడు.

ఆ పెన్సిలు ముక్కే ఇప్పుడు పుస్తకంలో, చివరి పేజీ దగ్గర ఉంది. మొన చెక్కి పంపాను.

ఇట్లు,
నీ చుక్క కోసం ఎదురుచూసే కొడుకు,
సెర్వే