బోరు నీళ్ల రుచి

బాపట్ల

చెంచమ్మ పిన్నికి,

మూడుసార్లు నీ నంబరు నొక్కి పెట్టేశాను. మాట్లాడటానికి ముఖం చెల్లలేదు. అందుకే రాస్తున్నాను, మీ అమ్మాయి అనుపమతో చదివించుకో. కింద పేరు పెట్టకపోయినా ఎవరో నీకు తెలుస్తుంది.

సూర్యలంక రోడ్డులో మన గెస్ట్‌హౌస్ తోట పోయిన వేసవిలో మాడిపోయింది కదా. నువ్వు యూరియా ఎక్కువ చల్లావని మేనేజరు గారికి చెప్పింది నేనే. ఆ మాట మీదే నిన్ను పనిలోంచి తీసేశారు. అది అబద్ధం పిన్నీ.

ఎండాకాలమని కాలువకు నీళ్లు కట్టేశాక బోరు నీళ్లకు మారిన రోజు నువ్వు దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని ఉమ్మేశావు. "ఉప్పు దిగిందయ్యా, ఇయ్యి మొక్కలకి వదలమాక" అన్నావు. పదేళ్లుగా డ్రిప్పు పైపులు వేస్తున్న నాకు నువ్వు చెప్పేదేంటని నవ్వాను. నీళ్లు పరీక్షకు పంపకుండానే వాల్వు తిప్పేశాను. ఇరవై రోజులకు నందివర్ధనాల ఆకులు అంచుల నుంచి మాడాయి. పైపుల బెజ్జాల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది. ఎవరూ చూడకముందే ఆ పైపులు మార్చేశాను. నిన్ను పంపించేసిన రోజున అక్కడే తలవంచుకుని నిలబడ్డాను.

మొన్న మేనేజరు గారికి నిజం చెప్పాను. నిన్ను మళ్లీ రమ్మంటున్నారు. రావడం, రాకపోవడం నీ ఇష్టం. రమ్మని అడిగే అర్హత నాకు లేదు.

ఈ ఏడు కాలువ నిన్న కట్టేశారు. వాల్వు దగ్గర కూర్చుని, బోరు నీళ్లు నీలాగే దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. ఉప్పగానే ఉన్నాయి. ఉమ్మబుద్ధి కాలేదు పిన్నీ. మింగేశాను.