పెండిల్‌కోట్ ప్రభువుగారి వరస తప్పిన పెళ్ళి

బిషాన్, సింగపూర్
14 మే 2000, ఆదివారం

పూజ్యులైన పెదనాన్నగారి పాదాలకు మీ తమ్ముడి కూతురు గీతాంజలి నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. అమలాపురంలో మీరూ, పెద్దమ్మా, మీ బీపీ అందరూ కుదురుగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకైనా బీపీ అలాగే ఉండాలని దేవుణ్ణి కోరుకుంటున్నాను.

మీ ఉత్తరం అందింది. ఉపేంద్ర సంబంధం కుదరదని తేల్చేశారు. అతని అమ్మమ్మా, మన నాన్నమ్మ వాళ్ళ చిన్నాన్న రెండో భార్యా అక్కచెల్లెళ్ళ పిల్లలనీ, ఆ లెక్కన అతను నాకు బాబాయి వరస అవుతాడనీ రాశారు. నాకు మతి పోయింది. ఇక్కడే హౌగాంగ్‌లో ఉంటూ యూనివర్సిటీలో పరిశోధన చేసుకునే కుర్రవాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఒక్క ఉత్తరంతో నా తండ్రికి తమ్ముడైపోయాడు. నాన్నేమో, అన్నయ్య సరేనంటేనే నేను సరేనంటానని కూర్చున్నారు. ఉపేంద్ర వాళ్ళమ్మ అక్కడ మన కబురు కోసం కాచుక్కూర్చుంది. ఏతావాతా నా పెళ్ళి మీ ఒక్క మాట మీద ఆగింది.

మీతో వరసల మీద వాదించే మొనగాడు కోనసీమలోనే లేడు, నేనెంత! అందుకని వాదన మానేసి ఒక ఇంగ్లండు ప్రభువుగారి ఇంటి చరిత్ర చెబుతాను.

మా కంపెనీ సంగతి మీకు తెలుసు కదా. లాభాలు ఇంకా రాలేదు గానీ షేర్లు ఇస్తామని ఆశపెట్టి పని చేయించుకుంటోంది. ఇంటర్నెట్ పిచ్చి పట్టిన ఈ రోజుల్లో ఇస్త్రీ బండివాడికీ వెబ్‌సైట్ కావాలి, ప్రభువులకీ కావాలి. ఇంగ్లండులో పెండిల్‌కోట్ హాల్ అని ఒక పెద్ద భవంతి ఉంది. దాని చరిత్రా, వంశవృక్షమూ వెబ్‌సైట్లో పెట్టే పని మా బాస్ మిస్టర్ లిమ్ పట్టుకొచ్చి నా నెత్తిన పెట్టాడు.

ఆ వంశం వైభవం ఏమని చెప్పను! మొదటి ప్రభువుకు ఆ బిరుదు వచ్చింది యుద్ధం గెలిచి కాదు, పేకాటలో రాజుగారి చేతిలో ఓడిపోయి. మూడో ప్రభువుకు కిటికీలోంచి చూస్తే ఊరు అడ్డం వస్తోందట. ఊరుని లేపి కొండ అవతల పెట్టించాడు. నాలుగో ఆయన మద్రాసులో ఉద్యోగం వెలగబెట్టి, ఒక వంటవాణ్ణీ, తగ్గని కడుపుమంటనూ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అయిదో ఆయనా, ఆయన భార్యా మాటలు మానేసి తూర్పు భాగంలో ఒకరూ పడమటి భాగంలో ఒకరూ ఉంటూ, ఉప్పు కావాలన్నా నౌకరు చేత కబురు పంపుకునేవారట. మధ్యలో నౌకరు కాళ్ళు అరిగిపోయాయి. ఇంటికి మరమ్మతు చూసే దిక్కులేక పైకప్పు కూలింది. అప్పుడు ఆరో ప్రభువు షార్లెట్ అనే అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమె తండ్రి బొగ్గు గనుల్లో గడించినవాడు. ఆ సొమ్ముతో ఇంటికి మళ్ళీ కప్పు పడింది.

ఇక నా నిర్వాకం వినండి. వంశవృక్షం ప్రోగ్రాం నేనే రాశాను. తప్పుడు వివరాలు ఎక్కకుండా ముందే కొన్ని కాపలాలు పెడతాం. తల్లికంటే బిడ్డ పెద్దగా ఉండకూడదు, చచ్చిపోయినవాడు పెళ్ళాడకూడదు, ఇలాంటివి. వాటి పక్కనే, అన్నదమ్ముల పిల్లలకు పెళ్ళి పెట్టకూడదని కూడా రాశాను. ఆలోచించి రాసింది కాదు పెదనాన్నా. నిప్పు కాలుతుందన్నంత మామూలుగా రాశాను. మీ దగ్గర పెరిగిన పిల్లని కదా!

తీరా చూస్తే ఆ షార్లెట్ ఎవరనుకున్నారు? ఆరో ప్రభువుగారి సొంత బాబాయి కూతురు. అంటే మన లెక్కలో చెల్లెలు. నా ప్రోగ్రాం ఆ పెళ్ళిని చప్పుడు చేయకుండా రద్దు చేసింది. పెళ్ళి లేదు కాబట్టి వాళ్ళకు పుట్టిన ఏడో ప్రభువు లేడు, ఎనిమిదో ఆయన లేడు, ఇప్పుడు ఆ ఇంట్లో టీ తాగుతున్న తొమ్మిదో ఆయన అసలే లేడు. ఊరివాళ్ళందరినీ పిలిచి హాల్లో తెర మీద వెబ్‌సైట్ ప్రారంభించారట. ప్రభువుగారి పేరు ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికి వారసుడి చోట ఆరో ప్రభువు తమ్ముడి మునిమనవడు, న్యూజిలాండులో గొర్రెల బొచ్చు కత్తిరించుకునే ఆయన, దర్జాగా కూర్చున్నాడు. మర్నాటికి ఆయన దగ్గర్నుంచి ఈమెయిల్. ఎప్పుడు వచ్చి దిగమంటారు, నాతోపాటు కుక్కలు కూడా వస్తాయి అని.

మిస్టర్ లిమ్ నన్ను పిలిచి, నీ ప్రోగ్రాం లార్డ్‌గారి ముత్తాతకి డైవోర్స్ ఇచ్చేసింది లా, మండే నుంచి నువ్వు రావొద్దు లా, అన్నాడు ఇక్కడివాళ్ళ యాసలో. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాస్ పోతుంది, పాస్ పోతే పెట్టె సర్దుకోవడమే. ఇంతలో ప్రభువుగారే ఫోన్ చేసి, ప్రోగ్రాం రాసిన అమ్మాయితో మాట్లాడతానన్నారు. ఫోన్ అందుకున్నాను. మా వైపు అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్ళే, మా పెదనాన్నగారు చెప్పారు, అన్నాను. మరి మేనమామ కొడుకో అని అడిగారు. భేషుగ్గా చేసుకోవచ్చన్నాను. ఆయన పెద్దగా నవ్వి, మీ పెదనాన్న ఆనాడు మా ఇంట్లో ఉంటే ఈ ఇంటికి కప్పు ఉండేది కాదమ్మా, అన్నారు.

ఆరో ప్రభువూ, షార్లెట్టూ ముసలితనం దాకా ఒక్క పూటైనా విడిగా భోంచేయలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తబడింది. నా ఉద్యోగం పోకుండా ఆయనే అడ్డుపడ్డారు. పైగా ఆ కాపలాని తీసేయొద్దని, పక్కన ఒక మీటగా పెట్టించారు. అది నొక్కితే వంశం మాయమవుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు క్యూ కట్టి మరీ నొక్కుతున్నారట.

పెదనాన్నా, నవ్వుతూ రాస్తున్నాను గానీ నాకు భయంగా ఉంది. ఉపేంద్ర అంటే నాకు ఇష్టం. మధ్యాహ్నం మేం భోంచేసే హాకర్ సెంటర్లో ఎంత రద్దీ ఉన్నా నాకోసం టిష్యూ ప్యాకెట్ పెట్టి ఒక కుర్చీ చోప్ చేసి, అంటే ఎవరూ కూర్చోకుండా పట్టి, ఉంచుతాడు. నేను ఎంత ఆలస్యంగా వచ్చినా ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వడు, తన అన్నం చల్లారిపోయినా ముట్టడు. నాన్నమ్మ చిన్నాన్నకి రెండో భార్యగా వచ్చిన ఆవిడ మన రక్తం కూడా కాదు. ఆవిడ కోసం ఇతన్ని వదులుకోమంటే నావల్ల కాదు. మిమ్మల్ని కాదని చేసుకోవడమూ నావల్ల కాదు. మీరు సరేనని రాయండి.

మీ ఆశీస్సు కోసం చూసే
గీత

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. మీరు లైబ్రరీకి వెళ్ళిన సమయం చూసి చేసిందట. నేను ఏడుస్తుంటే ఊరుకోమని, ఒక మాట చెప్పింది. మీకు చెప్పొద్దంది, కానీ చెప్పక తప్పదు. "ఓసి పిచ్చిదానా, మా అమ్మా, మీ పెదనాన్న అమ్మమ్మా అక్కచెల్లెళ్ళ పిల్లలేనే. ఆ లెక్కన ఆయన నాకు కొడుకు వరసవుతాడు!" అంది. మీ పెళ్ళిలో ఒక ముసలావిడ ఆ సంగతి బయటపెట్టబోతే, అప్పటికే తలంబ్రాలు అయిపోవడంతో పెద్దమ్మ నాన్నగారు ఆవిడ నోట్లో బూరె కుక్కి కూర్చోబెట్టారట. మన నాన్నమ్మకీ తెలుసట, నవ్వి ఊరుకుందట. మీరు ఊళ్ళోవాళ్ళ వరసలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది ఆ తర్వాతేనట. కాబట్టి పెదనాన్నా, సరేనని మీరే రాసేస్తారో, లేక పిన్నిగారి కాళ్ళకు దణ్ణం పెట్టి ఆవిడ చేత రాయిస్తారో, మీ ఇష్టం.