కంపు పోయిన నీలికుండ

శ్రీయుత సంచాలకులు గారికి,
ప్రకృతి రంగుల ప్రోత్సాహక కేంద్రం, బొబ్బిలి.

అయ్యా,

విషయం: మా నీలికుండను తమరు చంపినందుకు ఫిర్యాదు, తమరి సీసాను శృంగవరపుకోట వెళ్ళనివ్వరాదని మనవి.

బొబ్బిలి దగ్గర నూలుగుడ్డలకు ఆకు రంగులు వేసి బతికే ధనలక్ష్మి అనే నేను రాసుకున్నది ఏమనగా:

1. తమరు మా ఇంటికి దయచేసి, వేపాకు రసంతో తయారైన వెండి నానో కణాల నీళ్ళు సీసాలో తెచ్చి చూపించారు. రంగు వేసిన గుడ్డను ఆ నీళ్ళలో ముంచితే క్రిములు చస్తాయని, చెమట వాసన రాదని మైకులో చెప్పారు. గుడ్డ సంగతిలో మాకు పేచీ లేదు.

2. నీలి ఆకు రంగు కలిపి ఉంచే మా నీలికుండ పులిస్తేనే గుడ్డకు నీలం పడుతుంది. పులియబెట్టేవి క్రిములే. మా అత్త సుభద్రమ్మ రోజూ తాను గంజి తాగే ముందు దానికి బెల్లం పెడుతుంది. ఆమె అత్త కాలం నుంచి ఆ కుండ బతికే ఉంది. కంపు కొడుతుంది, నిజమే. పై అధికారులు వచ్చే వేళకు ఆ కంపు ఉండకూడదని తమరు సీసా మూత తీశారు. మా అత్త అడ్డం వచ్చింది.

"ఒద్దు బాబూ! కంపు కొడతన్నాదంటే కుండ కులాసాగా ఉన్నాదనే."

తమరు నవ్వి, "మామ్మా, ఇది పర్యావరణానికి మంచిది" అంటూ సీసా మొత్తం కుండలోకి వంచేశారు.

3. కంపు పోయింది. నురగా పోయింది. ముంచిన గుడ్డ మురికినీళ్ళ రంగులో పైకి వచ్చింది. తమరు నివేదికలో "దుర్వాసన సమస్య పరిష్కరించబడినది" అని రాశారట. శవానికి ఆకలి సమస్య కూడా పరిష్కరించబడినదే, అయ్యా.

4. మా అత్త ఇప్పటికీ పొద్దున్నే బెల్లం ముక్క పట్టుకుని కుండ దగ్గర నిలబడుతోంది. "ఒసే, ఈ పూటైనా తింటాదేటే?" అని నన్ను అడుగుతోంది. నాకు ఏడుపొస్తోంది. తమరే వచ్చి జవాబు చెప్పండి.

5. ఒకప్పుడు మా కుండలోంచి చెంబెడు నీలి తీసుకెళ్ళి మా ఆడపడుచు రేఖ శృంగవరపుకోటలో ఇంకో కుండ పెట్టుకుంది. ఈ వంశంలో మిగిలింది అదొక్కటే. అందులోంచి చెంబెడు తెస్తేనే మాకు మళ్ళీ నీలం. వచ్చే గురువారం తమరి ప్రదర్శన ఆమె ఇంట్లోనేనని తెలిసి మాకు నిద్ర పట్టడం లేదు.

కావున తమరు అక్కడికి సీసా లేకుండా వెళ్ళాలని, వాసన పడకపోతే తమ ముక్కే మూసుకోవాలని ఆదేశిస్తూ, క్షమించాలి, ప్రార్థిస్తూ పెట్టుకున్న ఈ అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయురాలిగా ఉండడం ఇక చేతకాని,
ధనలక్ష్మి

తాజా కలం: ఇది తపాలాలో వేసేదాకా మా అత్త ఆగలేదు. మొదటి బస్సుకే వెళ్ళి, చెంబు ఒళ్ళో పెట్టుకుని నీలి తెచ్చేసింది. కొత్త కుండ కంపు మొదలెట్టింది. ఎవరింట్లోనో చెప్పం. రేఖ కుండ కూడా చోటు మారింది. చచ్చిన కుండను మాత్రం వీధి అరుగు మీద పెట్టాం. తమరు మళ్ళీ దయచేస్తే, సీసా అందులో పోసుకోండి.