కుక్కపిల్లకి ఒక షరతు

అమ్మడికి అమ్మ దీవించి రాసేదేమంటే, ఇక్కడ నేనూ, మీ నాన్నా, రెండు తల్లికుక్కలూ, నాలుగు కుక్కపిల్లలూ క్షేమం. మీ నాన్న చెప్పులు మాత్రం క్షేమంగా లేవు. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మోకాలి నొప్పి తగ్గింది. రోజూ నడుస్తున్నావా అని అడిగావు. ఇంట్లో నాలుగు టెరియర్ పిల్లలు ఉంటే వేరే నడక ఎందుకే? ఎలుకల్ని కలుగులోంచి లాగి పట్టే జాతి కదా, మట్టి కనబడితే చాలు తవ్వేస్తాయి. పెరట్లో ఒక్క మొక్కని బతకనిస్తే ఒట్టు. వాటి పెట్టె వంటింట్లోనే పెట్టాను. గిన్నెల మోతా, మిక్సీ రొదా, పక్కింటి పిల్లల కేకలూ వింటూ పెరిగితే రేపు ఏ ఇంటికెళ్ళినా బెదరవు. "నన్ను వంటింట్లోకి రానివ్వవు, వీటిచేత మాత్రం కాపురం పెట్టించావు" అని మీ నాన్న సణుగుతారు. సణుగుతూనే ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని పేపరు చదువుతారు.

ఇది వ్యాపారమా అని అల్లుడుగారు అడిగారట. తల్లులు రెండూ వంతులవారీగా, ఏడాదికి ఒక్క ఈత. దీన్ని వ్యాపారమంటే మా పశువుల డాక్టరమ్మ నవ్వుతుంది. పిల్లలున్న ఇళ్ళకే ఇస్తాను. వచ్చినవాళ్ళని గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తాను. మొన్న ఒకాయన "పెళ్ళి సంబంధానికి కూడా ఇంత వాకబు చెయ్యరండీ" అన్నాడు. "పెళ్ళికూతురైతే నోరు విప్పి చెప్పుకుంటుందండీ" అన్నాను.

ఇక నీ ఇంకో ప్రశ్న. మీ ఆఫీసు స్నేహితురాలికి కుక్కపిల్లని ఇచ్చేముందు, వాళ్ళబ్బాయి ఎదురుగానే ఒట్టు వేయించుకున్నాను. "పెంచలేకపోతే నాకే తెచ్చివ్వండి. పిల్లాడితో మాత్రం కుక్క పారిపోయిందని చెప్పకండి." ఆవిడ నీకు చెప్పి నవ్విందట. ఇదేం షరతమ్మా అని రాశావు. అది చదివి నీ ఉత్తరాన్ని మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. మూడు రోజులు మళ్ళీ తియ్యలేదు. ఫోనులో చెప్పబోతే మాట మార్చేస్తాను, నా సంగతి నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

నీకు పదేళ్ళప్పుడు స్నేహితురాలింటి నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న కుక్కపిల్ల, మన గుండీ, పారిపోలేదు తల్లీ. నేనే ఇచ్చేశాను. అప్పట్లో నాకు కుక్కంటే వణుకు. నువ్వు బడికి వెళ్ళగానే దాన్ని సంచిలో పెట్టుకెళ్ళి ధాన్యం గోదాము కాపలాదారుకి అప్పగించాను. సాయంత్రం నువ్వు అడిగితే, గేటు తీసి ఉంది, పారిపోయినట్టుందన్నాను. "నేనే గడియ వెయ్యడం మర్చిపోయుంటానమ్మా" అని నువ్వు వెక్కివెక్కి ఏడ్చావు. నేను కాదనలేదు.

ఆ పాపం నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. వారానికోసారి గోదాముకి వెళ్ళి దూరం నుంచి చూసొచ్చేదాన్ని. తర్వాత దగ్గరికి వెళ్ళాను. తర్వాత దాని తల మీద చెయ్యి వేశాను. పదమూడేళ్ళు బతికింది. ఒక్క ఎలుకని కూడా బస్తా కొరకనివ్వలేదని కాపలాదారు అందరికీ చెప్పుకునేవాడు. నేను మొదట ఇంటికి తెచ్చుకున్న తల్లికుక్క దాని మనవరాలే. దాన్ని తెచ్చిన రోజైనా నీకు చెప్పాల్సింది. నోరు రాలేదు. అందరినీ గంటసేపు ప్రశ్నలడిగే నేను, నాలాంటిది వచ్చి అడిగితే కుక్కపిల్లని ఇవ్వను.

మీ నాన్నకి కూడా నిన్ననే చెప్పాను. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "ముందు అమ్మాయికి రాయి" అన్నారు.

పాప కుక్కపిల్ల కోసం మారాం చేస్తోందని రాశావు. "నాకు కుక్కలు అచ్చిరావమ్మా, గేటు వెయ్యడం మర్చిపోయే మనిషిని" అని రాశావు. ఇరవయ్యారేళ్ళుగా నా అబద్ధాన్ని నువ్వు మోస్తున్నావు. కోపం వస్తే వచ్చి తిట్టు, రాకుండా ఉండాలనిపిస్తే అదీ నీ ఇష్టం. చెవి మీద గోధుమరంగు మచ్చ ఉన్నదాన్ని పాప కోసం ఉంచాను. వద్దనుకుంటే వద్దని చెప్పు, కానీ గేటు పేరు చెప్పి మాత్రం వద్దనకు. ఆ రోజు నువ్వు గడియ వేసే వెళ్ళావు. తీసింది నేను.

ఇట్లు,
మీ అమ్మ