తిమ్మరాయన్ పేరున విడిచిన తైలం చెట్టు

ధర్మపురి జిల్లా కలెక్టరు దొరవారి సముఖమునకు,

పాపారపట్టి దగ్గర మారప్ప కొట్టాయిలో కాపురముండే గొర్రెల కాటప్ప భార్య హొన్నమ్మ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పోరంబోకు భూమిలోని తైలం తోపు వేలం – అందులో చనిపోయిన నా కొడుకు పేరున విడిచిన ఒక్క చెట్టును వేలం నుండి తప్పించవలెనని కోరుట గురించి.

దొరవారు చిత్తూరు వైపు వారని, ఇంట్లో తెలుగే మాట్లాడతారని పాపారపట్టి టీ అంగడిలో అనుకుంటుంటే మా ఇంటాయన విని వచ్చి చెప్పినాడు. అందువల్ల తెలుగులో రాసే ధైర్యం చేసినాను. ముందు తమ ఆఫీసు వాకిట అర్జీలు రాసే పెద్దమనిషి చేత తమిళంలో ఒకటి రాయించినాను. ఆయన చదివి వినిపిస్తే అందులో నా బిడ్డ పేరు ఒక్కసారి వచ్చింది. ఆ తర్వాత అంతా సదరు మృతుడు, సదరు చెట్టు. దాన్ని మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. పెళ్లికి ముందు కుప్పం పక్కన మా మేనమామ ఊళ్లో మూడో తరగతి దాకా చదివినాను. తప్పులుంటే మన్నించాలి.

1. మేము తాతల కాలం నుండి గొర్రెలు మేపుకుని బతికేవాళ్లం. కరువులో మేత లేక కొన్ని, నోటి జబ్బు తగిలి కొన్ని పోయినవి. నా ఒక్కగానొక్క కొడుకు తిమ్మరాయన్ మిగిలిన మందను అమ్మేసి, ఎదిగిన తైలం తోపు ఒకటి కొందామన్నాడు. తైలం చెట్లను తమ వైపు నీలగిరి చెట్లంటారు, ఆకు నలిపితే జలుబు మందు వాసన వచ్చేవి. కొత్తగా నాటితే ఎన్నో ఏండ్లు కాచుకోవాలి, ఎదిగిన తోపును కొంటే ఇంక రెండేండ్లలో కాగితం మిల్లుకు పోతుంది, నరికినా మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది అని చెప్పినాడు. మా ఇంటాయన ఒప్పుకోలేదు.

"మేపే పని లేని మంద ఏం మందరా? పాలిస్తాదా, ఎరువిస్తాదా?" అన్నాడు.

"గొర్రెకు జరమొస్తే తెల్లారేపాటికి దొడ్డి కాళీ, నాయినా. చెట్టుకు ఏం జరమొస్తాది? నువ్వు కంబళి కప్పుకోని కూసో. అదే పెరుగుతాది."

"కూసుంటే నాకు కాళ్లు పట్టుకుంటాయిరా. మంద ఎనక నడస్తా ఉంటేనే నేను మనిషిని."

"అట్లయితే చెట్ల సుట్టూ నడువు. అవి ఎవుని చేన్లోనూ పడవు. నీకు తిట్లన్నా తప్పుతాయి."

ఆ మాటకు మా ఇంటాయన నవ్వేసినాడు. నవ్విన తర్వాత కాదనడం ఆయనకు రాదు.

2. ఆ తోపు పెరియసామి అనే ఆయనది. తన చేతులతో నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచినాడు. సేలంలో కూతురింటికి పోతున్నానని అమ్మకానికి పెట్టినాడు. అయ్యా, మేము మందను కొనేటప్పుడు కాగితం చూడము. పళ్లు చూస్తాము, గిట్టలు చూస్తాము, వీపు నిమిరి చూస్తాము. బేరం కుదిరితే అమ్మేవాడు ఒక గొర్రె వీపు మీది బొచ్చు కొంచెం పెరికి కొనేవాడి చేతిలో పెడతాడు. అంతటితో మంద చెయ్యి మారినట్టు. మా తండ్రీకొడుకులు తోపునూ అట్లే కొన్నారు. ఒక పగలంతా చెట్టు చెట్టుకూ పోయి మొదలు తట్టి, బెరడు తడిమి చూసినారు. పెరియసామి ఒక కొమ్మ విరిచి నా కొడుకు చేతికిచ్చినాడు. వాడు దాన్ని తెచ్చి దేవుడి గూట్లో పెట్టినాడు. మాకు అదే పత్రం. భూమి ఎవరి పేరున ఉందని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. మందకు పట్టా ఉండదు కదా.

3. వైశాఖంలో నా కొడుకు చనిపోయినాడు.

4. పై దాంట్లో ఇంకా రాయాలని కూర్చున్నాను, చెయ్యి ఆడలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఎండలకు తోపులో ఆకు మందంగా రాలుతుంది. బీడీ నిప్పు పడినా తోపంతా పోతుందని వాడు పొరకతో ఊడ్చి కుప్పలు వేస్తుండేవాడు. ఆకుల కింద ఉన్న రక్తపింజర కరిచింది. పాపారపట్టి దాకా ఎద్దుల బండిలో, అక్కడి నుండి బస్సులో తీసుకుపోయినాము. బస్సులో నా ఒళ్లో తల పెట్టుకుని, "అమ్మా, పొరక ఆడనే ఇడిసినా. ఎవురన్నా ఎత్తుకపోతారు, తీసి పెట్టు" అన్నాడు. సరే నాయినా అన్నాను. ధర్మపురి ఇంకా రాలేదు. మళ్లీ ఏదైనా చెప్తాడేమో అని వంగి వింటూనే ఉన్నాను. బస్సు నిలిచింది, అందరూ దిగినారు, కండక్టరు నా భుజం మీద చెయ్యి వేసినాడు.

5. మా కులంలో ఒక ఆచారం ఉంది. మందగాడు చనిపోతే పదకొండో నాడు వాడు మేపిన గొర్రెల్లో మేలైనదాన్ని ఒకదాన్ని వాడి పేరున విడుస్తాము. మెడకు పసుపు గుడ్డ కడతాము. దాన్ని అమ్మము, కోయము, మంద లెక్కలో కలపము. అది ముసలిదై దానంతటది పడిపోయేదాకా చనిపోయినవాడు దాని వెనక తిరుగుతాడని, ఆ తర్వాతనే పెద్దల్లో కలుస్తాడని మా నమ్మకం. నా కొడుకు పేరున విడవడానికి మాకు గొర్రె లేదు. మా కులపెద్ద చిన్నతంబి తన మందలో నుండి ఒకటి తోలిస్తానన్నాడు. మా ఇంటాయన తల అడ్డంగా ఊపినాడు.

"ఇంగొగురు మేపిందాని ఎనక వాడెందుకు పోతాడు మామా? వాని మంద ఆడ నిలబడి ఉండాది సూడు" అన్నాడు.

"చెట్టును యాడన్నా ఇడుస్తారా కాటప్పా?"

"ఇడిసినా యాడికీ పోదు. వానికి తిరిగే కష్టం తప్పుతాది."

చిన్నతంబి మామ తలగుడ్డ చుట్టుకుని లేచినాడు. అందరమూ తోపుకు పోయినాము. కుంటిదాన్ని విడిస్తే వాడు నవ్వుతాడని మంచి చెట్టునే ఎంచినాము. దొరవారి దగ్గర దాచను, అది వంకర లేని, లావైన చెట్టు. వేలం పాడేవాళ్ల కన్ను ముందు దాని మీదనే పడుతుంది. దానికే పసుపు గుడ్డ కట్టి, వాడి పేరు పెట్టి పిలిచి వచ్చినాము. ఆ నాటి నుండి నాకు కొంచెం నిద్ర పట్టింది.

6. తర్వాత గ్రామాధికారి వచ్చి గొలుసు వేసి కొలిపించినాడు. తోపు ఉన్నది సర్కారు పోరంబోకులో అనీ, అమ్మడానికి పెరియసామికి హక్కు లేదనీ, కొనడానికి మాకూ లేదనీ, చెట్లన్నీ వచ్చే మంగళవారం వేలం అనీ చెప్పినాడు. మేము తగాదా పడలేదు. ఇచ్చిన సొమ్ము ఇప్పించమని ఈ అర్జీలో అడగడం లేదు. పెరియసామిని పట్టి తెమ్మనీ అడగడం లేదు. నీళ్లు మోసి పెంచినవాడు తనదే అనుకుని ఉంటాడు. మా ఇంటాయన పగలంతా ఆ చెట్ల చుట్టూ నడుస్తున్నాడు. అయితే వేలం కోసమని చెట్టు చెట్టుకూ బెరడు చెక్కి ఎర్ర రంగుతో నంబరు వేసినారు. మా వాడి చెట్టుకూ వేసినారు. పేరున విడిచినదానికి లెక్క పడితే అది మళ్లీ అమ్మకపు మందలో కలిసినట్టే. వాడు ఇంక ఎక్కడని నిలబడతాడు? అందుచేత కొడవలితో ఆ నంబరు గీకివేసినాను.

7. అక్కడి కావలి వీరన్ చెడ్డవాడు కాడు. ఆయన తమిళంలో అన్నదాన్ని మన మాటల్లో రాస్తున్నాను.

"ఏమ్మా, సర్కారు నంబరు గీకినావంట? నిన్ను పట్టుకపోతారు."

"పట్టుకపోనీ తమ్ముడా. ఆడ కూడన్నా పెడతారు."

"నంబరు లేకుంటే ఏలంలో అది చెట్టే గాదమ్మా."

"నేనడిగేదీ అదే గదా."

ఆయన నా చెంబులో నీళ్లు తాగినాడు. "నాకూ బిడ్డలుండారమ్మా, ఉద్యోగం పోతాది" అని చెప్పి మళ్లీ రంగు వేసినాడు, వేసేటప్పుడు పసుపు గుడ్డకు తగలకుండా వేసినాడు. ఆయన పోయినాక నేను మళ్లీ గీకినాను. ఇప్పుడు నా మీద రిపోర్టు రాసి పంపినాడని తెలిసింది. రాయక ఏం చేస్తాడు.

8. తాలూకా ఆఫీసుకు పోయి అడిగితే, చెట్టును మినహాయించమని కోరే దరఖాస్తుకు భూమి పట్టా నకలు జతపరచవలెనని గుమాస్తా చెప్పినాడు.

"పట్టా ఉంటే నేనెందుకొస్తాను సామీ?" అన్నాను.

"పట్టా లేకుంటే ఎందుకొచ్చినావు?" అన్నాడు.

పక్క బల్ల దగ్గరాయన నవ్వుతూ, "నువ్వే ఏలం పాడుకోమ్మా ఆ చెట్టును" అన్నాడు. "బిడ్డను ఎవురన్నా ఏలంలో పాడుకుంటారా సామీ?" అని అడిగినాను. ఆయన నవ్వు ఆపి కాగితాలు సర్దుకున్నాడు. ఎవరూ నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఆఫీసు మూసేదాకా ఉండి వచ్చినాను.

కావున దొరవారు దయతలచి, తోపులో పడమటి గట్టు పక్కన పసుపు గుడ్డ కట్టి ఉన్న చెట్టును వేలంలో చేర్చకుండా, భూమిని సర్కారుదిగానే ఉంచుకుని, ఆ చెట్టును మాత్రం దానంతటది పడిపోయేదాకా నిలబడనివ్వవలెనని కోరుకుంటున్నాను. మేము దాని ఆకు కూడా తుంచము. పడిన తర్వాత కట్టెను సర్కారే తీసుకోవచ్చును. సర్కారు గుర్తు చెరిపినందుకు వేసే శిక్ష ఏదైనా నాకే వేయవలెను, మా ఇంటాయనను పిలవవద్దు.

వేలం మంగళవారం గనుక అంతలోపలే, తల్లి రాత అని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
హొన్నమ్మ
మారప్ప కొట్టాయి
1987 ఆగస్టు

తా.క. – రూలు ఒప్పుకోదు, నరకక తప్పదు అని దొరవారు అనుకుంటే, ఒక్కటి చేయండి. మా ఇండ్లలో ఏ జీవాన్ని కోసినా ముందు దాని మీద పసుపు నీళ్లు చల్లి నిలబడతాము. అది ఒళ్లు దులిపితే ఒప్పుకున్నట్టు. దులపకపోతే కత్తి ఎత్తము. ఎంతసేపైనా కాచుకుంటాము, అప్పటికీ దులపకపోతే ఇంటికి తోలుకుపోతాము. ఈ చెట్టుకూ అట్లే చేయమని గొడ్డలి పట్టేవాళ్లకు చెప్పండి. పసుపు నీళ్లు నేనే తెస్తాను. వాళ్లను గాలి లేని పూట రమ్మనండి.